ముందు కడగాలి, ఆ తర్వాతే రంగు

తలుపు బందులకు తుప్పు వదిలించే పని గురించి పోయిన నెల ఈ శీర్షికలో రాశాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాట అడిగాయి. "తుప్పు తీసి పెయింటు వేశాం. ఆరు నెలలకే పెచ్చులు లేస్తా ఉంది. కంపెనీ వస్తువుకు ఉండే రంగు మాదిరి గట్టిగా నిలవాలంటే ఏం చెయ్యాలి?" ఆ కంపెనీ రంగునే పౌడర్ కోటింగ్ అంటారు. మన కోయంబత్తూరు వెట్ గ్రైండరు స్టాండు, మోటారు పంపు మూత, మిల్లులో కొత్తగా వచ్చిన మిషన్ల కవర్లు, ఆస్పత్రి మంచాలు, ఇట్లాంటి వాటికి ఎక్కువగా ఉండేది ఇదే.

సింగానల్లూరు నుంచి ఒక చెల్లెమ్మ రాసిన ఉత్తరం మాత్రం వేరే రకం. "అన్నా, మా ఇంటాయనకు మిల్లు సెటిల్మెంటు డబ్బు చేతికొచ్చింది. అబ్బాయి ఐటీఐలో ఫిట్టరు చదివాడు. ఇంట్లోనే పౌడర్ కోటింగ్ పెడతామంటున్నారు. పెద్ద ఓవెను, గన్ను, కంప్రెసరు అన్నీ ఒకేసారి కొనమని ఒకాయన రోజూ ఇంటికొచ్చి చెబుతున్నాడు. కొనవచ్చునా?"

చెల్లెమ్మా, ఇప్పుడే కొనవద్దు. ముందు అరచేతిలో పట్టే వస్తువులు ఒక నూరు చేసి చూడండి. ఆ నూరూ నిలిస్తే అప్పుడు పెద్ద ఓవెను మాట ఎత్తవచ్చు. ఎందుకంటే ఈ పనిలో డబ్బుతో కొనలేనిది ఒకటుంది. అది కడిగే ఓపిక. రంగు నిలవడం, రాలడం గన్ను చేతిలోకి రాకముందే తేలిపోతుంది. 31 ఏళ్లు రింగ్ ఫ్రేము మెయింటెనెన్సులో ఉండి, రిటైరయ్యాక ఇంటి వెనక రేకుల షెడ్డులో ఈ చిన్న పని చేసుకుంటున్నవాడిగా చెబుతున్నాను.

కిటుకు మనకు తెలిసిందే

మామూలు పెయింటులో రంగును థిన్నరులో కలుపుతారు. థిన్నరు ఆరిపోతే రంగు మిగులుతుంది. ఇక్కడ థిన్నరు లేదు. మైదా పిండి మాదిరి మెత్తటి పొడికి కరెంటు చార్జీ ఎక్కించి ఇనుము మీదికి ఊదుతారు. ఇనుముకు ఎర్త్ కలిపి ఉంటుంది కాబట్టి పొడి పోయి దానికి అతుక్కుంటుంది. తర్వాత ఓవెనులో పెడితే పొడి కరిగి, పారి, గట్టిపడుతుంది. పచ్చి కుండ ఆవంలో కాలినట్టే. కాలిన కుండ మళ్లీ మట్టి కాదు, ఒకసారి సరిగా కాలిన ఈ రంగు కూడా మళ్లీ కరగదు.

మిల్లులో పనిచేసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. గాలి పొడిగా ఉన్న రోజు, హ్యుమిడిఫికేషన్ ప్లాంటు సరిగా నడవకపోతే, దూది పోగు రోలర్లకు చుట్టుకుంటుంది. పాలిస్టరు నడిచే రోజు మరీ మొండికేస్తుంది. అది రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తు. మిల్లులో దాన్ని తరమడానికి నీటి తుంపర కొట్టించాం. పౌడర్ కోటింగులో అదే విద్యుత్తును పిలిచి పని చేయించుకుంటాం.

ఈ విద్య మరీ పాతదేమీ కాదు. 1950ల మొదట్లో జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ అనే ఆయన, గాలితో తేలుతూ ఉండే ప్లాస్టిక్ పొడిలోకి వేడి చేసిన లోహాన్ని ముంచి పూత వేసే పద్ధతి కనిపెట్టాడు. గన్నుతో చల్లే పద్ధతి 1960ల్లో వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు గణపతి, ఆవారంపాళయం వైపు వీధుల్లో వర్క్‌షాపులు చేసే సామాను మీద కూడా ఈ పూతే కనిపిస్తుంది.

ఏ వస్తువు తీసుకోవాలి, ఏది తీసుకోకూడదు

మొదట తలుపు బందులు, గోడకు కొట్టే బ్రాకెట్లు, గేటు కొక్కేలు, కుట్టు మిషను స్టాండు చిన్న భాగాలు, సైకిలు స్టాండు వంటివి తీసుకోండి. చదునుగా, ఒకే ముక్కగా, ఓవెనులో దేనికీ తగలకుండా వేలాడేటంత చిన్నగా ఉండాలి.

ఇనుము 200 డిగ్రీల దాకా వేడెక్కుతుందని మరవకండి. ఆ వేడికి తట్టుకోనివి పక్కన పెట్టండి. రబ్బరు బుష్షు, ప్లాస్టిక్ మూత ఉన్నవి, బేరింగు బిగించినవి, లెడ్డు పెట్టి అతికించినవి, స్ప్రింగులు ఈ లెక్కలోకి వస్తాయి. రెండు వైపులా మూసి వెల్డింగు చేసిన గొట్టాలు అసలు పెట్టవద్దు, లోపలి గాలి ఉబ్బి అతుకు పగలవచ్చు. పెట్రోలు ట్యాంకు ఎంత కడిగినా వద్దు. మోటారు సైకిలు చక్రాలు, బ్రేకు భాగాలు ప్రాణంతో ముడిపడినవి, వాటి జోలికి ఇంట్లో పోవద్దు. తిండి తగిలే పాత్రలకు ఈ పూత పనికిరాదు.

పోత ఇనుము గురించి వేరుగా చెప్పాలి. మన ఊళ్లో పంపు భాగాలు, పాత మిషను భాగాలు ఎక్కువగా పోతవే. పోతలో సూది మొన మాదిరి రంధ్రాలు ఉంటాయి. వాటిలో పాత నూనె, గాలి దాక్కుంటాయి. ఓవెనులో వేడి తగలగానే బయటికొచ్చి రంగు మీద బుడగలు, గుంటలు చేస్తాయి. జింకు పూత పూసిన వస్తువులదీ అదే కథ. అందుకే మొదటి నూరులో పోత వస్తువులు కలపవద్దు. రేకు, పట్టీ ఇనుము చాలు.

సామాను

చిన్న గన్ను ఒకటి. చేతిలో పట్టే గన్ను, దానికో చిన్న కరెంటు పెట్టె, ఎర్త్ క్లిప్పు ఉంటాయి. వోల్టేజి వేలల్లో ఉంటుంది, కరెంటు మాత్రం చాలా తక్కువ. అయినా ఆట వస్తువు కాదు. గుండెకు పేస్‌మేకరు పెట్టించుకున్న పెద్దవాళ్లు ఈ గన్ను దగ్గరికి రాకూడదు.

చిన్న కంప్రెసరు ఒకటి. ఇంటి గన్నులకు గాలి ఒత్తిడి 8, 10 పీఎస్‌ఐ ఉంటే చాలు. కాని గాలి పొడిగా ఉండాలి. కంప్రెసరు ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి, రోజూ పొద్దున కింది మర విప్పి వదిలేయండి. గొట్టానికి నీళ్లు, నూనె పట్టే ఫిల్టరు తప్పకుండా ఉండాలి. ఐప్పసి వానల్లో ఇంకా జాగ్రత్త పడాలి.

కరెంటు ఓవెను ఒకటి. కేకులు చేసే ఓటీజీ, లోపల ఫ్యాను ఉన్నది అయితే మంచిది. పాతదైనా ఫరవాలేదు. గ్యాసు ఓవెను, గ్యాసు పొయ్యి పనికిరావు. ఈ ఓవెనులో ఒకసారి రంగు కాల్చారంటే మళ్లీ అందులో తిండి పెట్టకూడదు. తలుపు మీద పెద్ద అక్షరాలతో "తిండికి కాదు" అని రాసి పెట్టండి. పండక్కి వచ్చిన చుట్టాలకు తెలియదు కదా.

పొడి ఒక కిలో, ఒకే రంగు. కొట్లో మూడు రకాలు చెబుతారు. ఎపాక్సీ గట్టిది, తుప్పును బాగా ఆపుతుంది, కాని ఎండ తగిలితే సుద్ద మాదిరి తెల్లబారుతుంది. ప్యూర్ పాలిస్టరు ఎండకు ఓర్చుకుంటుంది, గేటు కొక్కేలకు అదే కావాలి. రెండూ కలిపిన ఎపాక్సీ పాలిస్టరు ఇంటి లోపలి వస్తువులకు సరిపోతుంది. రంగులను ఆర్‌ఏఎల్ నంబర్లతో అడగాలి. 9005 అంటే నలుపు, 7035 అంటే కరెంటు ప్యానెల్ పెట్టెలకు ఉండే లేత బూడిద రంగు. మొదట గరుకు నలుపు తీసుకోండి, చిన్న లోపాలను అది దాస్తుంది. మెరిసే తెలుపు ఒక్క దుమ్ము కణాన్ని కూడా పది మందికి చూపిస్తుంది.

పాలిస్టరు పొడి కొనేటప్పుడు "టీజీఐసీ లేనిది ఇవ్వండి" అని అడగండి. అది కొన్ని పొడుల్లో కలిపే గట్టిపరిచే మందు, ఒంటికి మంచిది కాదు. పొడిని మూత గట్టిగా బిగించి చల్లని చోట ఉంచాలి. చిత్తిరై, వైకాసి ఎండల్లో కోయంబత్తూరుకే చెమట పడుతుంది, మదురైలో రేకుల షెడ్డు సంగతి చెప్పనక్కరలేదు. ఆ వేడికి పొడి గడ్డలు కడుతుంది. గడ్డ కట్టిన పొడి గన్నులో ఇరుక్కుంటుంది.

కడుగుడు

ఇక అసలు పని. ముందు పాత పెయింటు, తుప్పు పూర్తిగా పోవాలి. వైరు బ్రష్షు, తర్వాత 80 నంబరు ఎమరీ పేపరు, ఆపైన 120. చాలా పాత పెయింటులో సీసం ఉండవచ్చు, అందుకే దాన్ని పొడిగా రుద్దకుండా తడిపి రుద్దండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. తుప్పు లోతుగా ఉంటే బ్లాస్టింగు చేసే చోటికి తీసుకుపొండి. ఇంట్లో యాసిడు తొట్టి పెట్టవద్దు. ఆ ఆవిరీ ఆపదే, ఆ నీళ్లు కాలువలో పోసినా ఆపదే.

తుప్పు పోయాక వేడి నీళ్లు, సబ్బు పొడి వేసి బ్రష్షుతో రుద్ది కడగండి. మంచి నీళ్లతో మళ్లీ కడగండి. ఇప్పుడు ఒక పరీక్ష ఉంది. వస్తువు మీద నీళ్లు పోసి చూడండి. నీళ్లు పలచటి పొర మాదిరి అంతటా పరుచుకుంటే నూనె పోయినట్టు. తామరాకు మీద మాదిరి చుక్కలుగా విడిపోతే ఇంకా నూనె ఉన్నట్టు, మళ్లీ కడగాలి. ఖర్చు లేని పరీక్ష ఇది. మూడుసార్లు కడిగించినా కోపం తెచ్చుకోకండి.

తర్వాత గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టండి, ఆలస్యమైతే కొత్త ఇనుము మీద గంటలోనే పసుపు తుప్పు పడుతుంది. ఆపైన వట్టి చేత్తో ముట్టుకోవద్దు. మన వేళ్ల నూనె చాలు, రంగు అక్కడ పట్టు వదలడానికి. శుభ్రమైన గ్లౌజులు వేసుకోండి. రంగు వెయ్యకముందే వస్తువును ఓవెనులో 210 డిగ్రీల దగ్గర ఒక ఇరవై నిమిషాలు వట్టిగా కాల్చండి. లోపల దాక్కున్న నూనె ఏదైనా ఉంటే ఇప్పుడే బయటికొస్తుంది, చల్లారాక అసిటోనుతో తుడిచేస్తే సరి. అసిటోను తుడిచే పని ఆరుబయట, పొయ్యికి, ఓవెనుకు దూరంగా చెయ్యాలి. గుడ్డ ఆరిపోయేదాకా షెడ్డులోకి తేవద్దు.

మరలు, బోల్టు బెజ్జాలు రంగు పడకుండా మూయాలి. వేడికి తట్టుకునే టేపు, సిలికాను బిరడాలు దీనికోసమే దొరుకుతాయి. మామూలు ప్లాస్టిక్ టేపు పెడితే అక్కడే కరిగి అంటుకుంటుంది.

చల్లడం

వస్తువును వట్టి ఇనుప తీగతో వేలాడదీయండి. ఎర్త్ క్లిప్పును ఆ తీగకు పెట్టండి. ఇక్కడ చాలామంది ఒక సంగతి మరిచిపోతారు. నాలుగుసార్లు వాడాక కొక్కెం మీద కూడా రంగు పేరుకుంటుంది. రంగు అంటే కరెంటు పోనివ్వని పొర. ఎర్త్ అక్కడే తెగిపోతుంది, పొడి వస్తువును పట్టుకోకుండా నేల మీద రాలుతుంది. "గన్ను పాడైంది" అని కొట్టుకు పరుగెత్తేముందు కొక్కేన్ని గీకి చూడండి.

గన్ను వస్తువుకు జానెడు దూరంలో ఉండాలి. మొదట మూలలు, లోపలి మడతలు చల్లండి. చివర్న అంచులు. చార్జీ ఉన్న పొడి ఎదురుగా కనబడే అంచులకే ఎగబడుతుంది, లోపలి మూలలోకి పోనంటుంది. మూలలో పడలేదని అక్కడే గంటసేపు కొడితే అంచుల మీద మందంగా పేరుకుంటుంది. గాలి తగ్గించి, గన్ను కోణం మార్చి, నిదానంగా చల్లండి. అంతటా ఒకే రంగు కనబడి, కింది ఇనుము కనబడకపోతే చాలు. కాలిన తర్వాత మందం 60 నుంచి 80 మైక్రాన్లు ఉండాలి, అంటే సుమారుగా మన తల వెంట్రుక మందం. ఎక్కువ కొడితే ఎక్కువ గట్టి అనుకోవద్దు. మందం మించితే పొడి పొడినే తోసేస్తుంది, పైన గుంటలు పడతాయి.

కాల్చకముందు ఏ తప్పు కనబడినా సరిదిద్దుకోవచ్చు. గాలితో ఊదేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. పెయింటులో లేని సౌకర్యం ఇది. ఓవెను తలుపు మూసిన తర్వాత మాత్రం దిద్దుబాటు లేదు.

కాల్చడం

పొడి పెట్టె మీద ఎన్ని డిగ్రీలు, ఎన్ని నిమిషాలు అని రాసి ఉంటుంది. చాలా పొడులకు 200 డిగ్రీలు, 10 నిమిషాలు. ఆ 200 ఓవెను గాలి వేడి కాదు, వస్తువు ఇనుము వేడి. పలచటి రేకు పది నిమిషాల్లోనే ఆ వేడికి చేరవచ్చు. మందమైన పట్టీకి అరగంట పట్టవచ్చు. చేరిన తర్వాతే 10 నిమిషాలు లెక్కపెట్టాలి. ఓవెను ముల్లును నమ్మవద్దు. వేడి కొలిచే ప్రోబు ఉన్న మల్టీమీటరు తీసుకుని, అదే మందం ఉన్న పనికిరాని ముక్కకు కట్టి, ఒకసారి కొలిచి రాసి పెట్టుకోండి. దూరం నుంచి వేడి చూపే గన్ను థర్మామీటరు మెరిసే వట్టి ఇనుము మీద తక్కువ చూపిస్తుంది, రంగు పడిన చోట చూపితేనే కాస్త సరైన లెక్క వస్తుంది.

వస్తువు ఓవెను కడ్డీలకు దగ్గరగా ఉండకూడదు, ఆ వైపు మాడుతుంది. మొదటి ఐదు పది నిమిషాల్లో పొడి కరిగి తడిగా మెరుస్తుంది. అది చూసి అయిపోయిందని తీసేవాళ్లున్నారు. ఆ రంగు పైకి బాగానే ఉంటుంది, నెల తిరక్కముందే గోటికి వస్తుంది. పూర్తిగా కాలాక ఓవెను ఆపి, వస్తువును తనంతట తాను చల్లారనివ్వండి. నీళ్లు చల్లవద్దు.

నిలుస్తుందా లేదా

ప్రతి బ్యాచితో పాటు ఒక పనికిరాని రేకు ముక్కకు కూడా రంగు వేసి కాల్చండి. పరీక్షలన్నీ దాని మీదే. బ్లేడుతో నిలువుగా ఆరు గీతలు, అడ్డంగా ఆరు గీతలు దగ్గర దగ్గరగా గియ్యండి. దాని మీద గట్టి టేపు అంటించి ఒక్కసారిగా లాగండి. గళ్లు టేపుతో లేచొస్తే కడుగుడు చాల్లేదు. రెండోది, ముక్కను మడవండి. మడత దగ్గర రంగు పగిలి పెచ్చులు లేస్తే కాలడం చాల్లేదు, లేదా మందం ఎక్కువైంది. మూడోది, థిన్నరు అద్దిన గుడ్డతో పాతికసార్లు రుద్దండి. రంగు గుడ్డకు బాగా అంటితే, మెత్తబడితే, ఇంకా పచ్చిగా ఉందన్నమాట.

లోపాన్ని చూసి కారణం చెప్పవచ్చు. చేప కళ్ల మాదిరి గుంటలు పడితే నూనె. సూది రంధ్రాలైతే లోపలి గాలి, లేదా తేమ. కమలాపండు తొక్క మాదిరి ఉంటే మందం ఎక్కువ, లేకపోతే వేడి నిదానంగా ఎక్కింది. తెలుపు పసుపుబారితే మాడింది. అక్కడక్కడా ఇనుము కనబడితే ఎర్త్ సరిగా లేదు. ఒక నోటుబుక్కు పెట్టి రాసుకోండి. మిల్లులో బ్రేక్‌డౌను రిజిస్టరు రాసినట్టే.

ఊపిరి, నిప్పు, కరెంటు

ఈ భాగం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

మన పెద్దవాళ్లలో ఎందరికో సోమవారం వచ్చే రొమ్ము బిగువు తెలుసు. వారాంతపు సెలవు తర్వాత మొదటి షిఫ్టులో ఊపిరి ఆడక, దగ్గుతో వచ్చేది. దూది దుమ్ము ఏళ్ల తరబడి పీల్చినందుకు వచ్చే ఆ జబ్బుకు డాక్టర్లు బిస్సినోసిస్ అని పేరు పెట్టారు. కార్డింగులో, బ్లో రూములో పనిచేసిన మనిషి ఇల్లు ఏదైనా తెలిసి ఉంటే నేను వేరే చెప్పక్కరలేదు. ఈ పొడి దూది కాదు, కాని ఇదీ ఊపిరితిత్తుల్లోకి పోయే మెత్తటి దుమ్మే. తువ్వాలు, చీర కొంగు దీన్ని ఆపవు. ఎన్95 మాస్కు ముఖానికి సరిగా అతుక్కునేట్టు వేసుకోవాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఇప్పటికే ఉబ్బసం, మిల్లు దగ్గు ఉన్నవాళ్లు చల్లే పని చెయ్యవద్దు. కాల్చేటప్పుడు వచ్చే పొగ బయటికి పోయేట్టు కిటికీ ఉండాలి.

రెండోది నిప్పు. బ్లో రూములో ఒక్క ఇనుప ముక్క రాపిడికి లేచిన నిప్పురవ్వ ఏం చేస్తుందో మిల్లువాళ్లకు చెప్పాలా? గాలిలో మేఘంలా లేచిన ఈ పొడికి నిప్పురవ్వ తగిలినా అట్లాగే భగ్గుమంటుంది. చల్లే చోట, ఓవెను ఉన్న చోట వేరుగా ఉండాలి. చల్లేటప్పుడు దీపం, బీడీ, పొయ్యి, గ్రైండింగు ఏవీ దగ్గర ఉండకూడదు. రాలిన పొడిని ఊదకండి, చీపురుతో లేపకండి, ఇంటి వ్యాక్యూమ్ క్లీనరు పెట్టకండి, దాని మోటారులోనే నిప్పురవ్వ ఉంటుంది. తడి గుడ్డతో తుడవండి. ఇసుక బకెట్టు, డ్రై పౌడరు ఫైర్ ఎక్స్‌టింగ్విషరు చేతికందేట్టు ఉంచండి. వంటింట్లో, పిల్లలు పడుకునే గదిలో ఈ పని ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. లైను ఇంట్లో వెనక ఖాళీ లేకపోతే, ఈ పని ఆ ఇంటికి కాదని ఒప్పుకోవడమే మేలు.

మూడోది కరెంటు. 2000 వాట్ల ఓవెను 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యాను పెట్టే చిన్న ప్లగ్గు, ఎక్స్‌టెన్షను బాక్సు కాలిపోతాయి. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, దానికి తగిన వైరు కావాలి. పాత లైను ఇళ్లలో మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నా ఎర్త్ వైరు వెనక ఎక్కడికీ పోకుండా వేలాడుతున్నవి చాలా చూశాను. ఎలక్ట్రీషియన్ను పిలిచి ఎర్త్ కొలిపించండి, ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎర్త్ లేకపోతే రంగూ పట్టదు, షాకూ తప్పదు.

లెక్క

ఇప్పుడు సింగానల్లూరు చెల్లెమ్మకు లెక్క చెప్పాలి. 60 మైక్రాన్ల మందంతో, ఒక్క గింజ కూడా వృథా కాకపోతే, ఒక కిలో పొడి దాదాపు 11 చదరపు మీటర్లకు వస్తుంది. ఇంట్లో సగం నేలపాలవుతుంది, కాబట్టి 5 అనుకోండి. నాలుగు అంగుళాల తలుపు బందు రెండు వైపులా కలిపి 150 చదరపు సెంటీమీటర్లు. అంటే కిలో పొడితో 300కు పైగా బందులు. ఓవెను ముప్పావు గంట ఆగకుండా మండినా ఒకటిన్నర యూనిట్లు. చూశారా, పొడి ఖర్చు పెద్దది కాదు, కరెంటూ పెద్దది కాదు.

పెద్ద ఖర్చు చేతులు. చిన్న ఓటీజీలో ఒకసారికి ఎనిమిది బందులకు మించి వేలాడవు. కడిగి, కాల్చి, చల్లి, మళ్లీ కాల్చి, ఇద్దరు మనుషులు రోజంతా చేస్తే యాభై. కన్వేయరు పెట్టుకున్న జాబ్ వర్క్ కొట్టు అదే రోజులో వేలు చేస్తుంది. వాళ్లతో సంఖ్యలో పోటీ పడితే ఇంటి షెడ్డు నిలవదు. సెటిల్మెంటు డబ్బంతా పోసి పెద్ద ఓవెను కొన్నా అదే సంగతి. ఆ ఓవెనును రోజూ నింపే ఆర్డర్లు ఎక్కడినుంచి వస్తాయని ఆ అమ్మే ఆయన్ను అడగండి. రాతపూర్వకంగా చెప్పమనండి.

ఇంటి షెడ్డుకు వచ్చే పని వేరే. పది ముక్కలకోసం పెద్ద కొట్టు రంగు మార్చదు. తాతల నాటి కుట్టు మిషను, పాత సైకిలు భాగాలు, పాత టేబులు ఫ్యాను జాలీ, చిన్న వర్క్‌షాపు వాడి ఇరవై బ్రాకెట్లు, ఇవి మీకు వస్తాయి. వీటికి ఓపిక కావాలి, ఓపికకే కూలి. అబ్బాయిని ముందు ఏదైనా కోటింగు కొట్లో మూడు నెలలు పనికి పంపండి. జీతం తక్కువైనా ఫరవాలేదు. ఆ మూడు నెలల్లో మీరు ఇంట్లో మీ నూరు వస్తువులు చేయండి. ఆ తర్వాత ఇద్దరి నోటుబుక్కులూ పక్కపక్కన పెట్టి మాట్లాడుకోండి. కూలికి చేయడం మొదలైతే ఇంటి మీటరుతో నడపకూడదు, విద్యుత్ బోర్డు ఆఫీసులో అడిగి సరైన టారిఫ్‌కు మార్చుకోవాలి. ఉద్యం రిజిస్ట్రేషనుకు రుసుము లేదు, డబ్బు అడిగేవాళ్లను నమ్మవద్దు. అప్పు పథకాల సంగతి జిల్లా పరిశ్రమల కేంద్రంలో చెబుతారు. సెటిల్మెంటు డబ్బు అంతదాకా బ్యాంకులోనే ఉండనివ్వండి.

మన ఊరి జి.డి. నాయుడు గారు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒకే ఒక్క బస్సుతో మొదలుపెట్టారు. అంతకు ముందు ఒక మోటారు సైకిలును మరమర విప్పి, మళ్లీ బిగించి, అది ఎట్లా నడుస్తుందో తెలుసుకున్నారు. మిల్లు పనిలో మనకు అబ్బిన బుద్ధీ అదే. విప్పి చూడకుండా ఏ మిషనునూ మనం నమ్మలేదు. ఈ పనిని కూడా అట్లాగే పట్టుకోండి.

మదురై, కోయంబత్తూరు కాలనీల్లో ఎవరైనా మొదటి పది ముక్కలు చేస్తే, గీతల పరీక్ష చేసిన రేకు ముక్కను పత్రిక ఆఫీసుకు పంపండి. ఏ పొడి, ఎన్ని డిగ్రీలు, ఎన్ని నిమిషాలు, ఎట్లా కడిగారు అని చీటీ రాసి పెట్టండి. బాగా రాని ముక్కలు కూడా పంపండి, వాటి నుంచే ఎక్కువ నేర్చుకోవచ్చు. వచ్చే నెల ఆ ముక్కలను ముందు పెట్టుకుని ఎక్కడ ఏం జరిగిందో ఒక్కొక్కటిగా చూద్దాం.